ట్రాన్సిట్ వ్యాన్‌లో డీజిల్ హీటర్ అంటుకోకముందే ఆగిపోతోంది, వైరింగ్ మీద సలహా కావాలి

కాకినాడ_టు_కీన్స్

అందరికీ నమస్కారం. మేం ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్‌లో ఉంటాం. వేసవిలో 2018 మోడల్ ఫోర్డ్ ట్రాన్సిట్ కొన్నాం, పొడవుది, యూరో 6 (పొగ నిబంధనల ప్రమాణం) డీజిల్. ఇదివరకు పార్సిళ్లు మోసిన బండి. లోపలంతా ఊడదీసి, తుప్పు గీకి, ఇన్సులేషన్ పెట్టి, ప్లైవుడ్ కొట్టడం దాకా మా ఆవిడా నేనూ కలిసి చేసుకున్నాం. డిసెంబరు సెలవుల్లో ఇద్దరు పిల్లలతో స్కాట్లండ్‌లో అవీమోర్ వైపు వెళ్లాలని ప్లాన్, కాబట్టి హీటర్ లేకుండా కుదరదు.

చైనా డీజిల్ హీటర్ కొన్నాను, డబ్బా మీద 5 కిలోవాట్లు అని ఉంది. ప్యాసింజర్ సీటు కింద పెట్టాను. లీజర్ బ్యాటరీ (ఇంజినుది కాకుండా లోపలి వాడకానికి పెట్టే రెండోది) 100 ఆంపియర్ అవర్ల లిథియంది, వెనక చక్రం గూడు మీద ఉంది. అక్కడి నుంచి హీటర్ దాకా ప్లస్‌కి 2.5 ఎంఎం (చదరపు ఎంఎం) వైరు లాగాను, సుమారు 6 మీటర్లు వచ్చింది. మధ్యలో మెయిన్ స్విచ్, ఫ్యూజు ఉన్నాయి. మైనస్ మాత్రం సీటు బోల్టుకే బిగించాను, బ్యాటరీ మైనస్ కూడా వెనక బాడీకే ఉంది కదా అని.

సమస్య ఏంటంటే, ఆన్ చేయగానే ఫ్యాన్ తిరుగుతుంది, పంపు నాలుగైదు సార్లు టిక్ టిక్ అంటుంది, ఈలోపు స్క్రీన్ మీద వోల్టేజ్ 10.4కి పడిపోయి ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. అదే సమయంలో బ్యాటరీ దగ్గర మీటర్ పెడితే 13.1 ఉంది! బ్యాటరీ కొత్తది, ఫుల్ చార్జ్. హీటరే పాడైందేమో, వాపసు పంపేద్దామా అనుకుంటున్నాను.

ఇంకో రెండు విషయాలు. నడుస్తున్నప్పుడు చార్జ్ కావడానికి మామూలు స్ప్లిట్ చార్జ్ రిలే (ఇంజిన్ నడిచేటప్పుడు రెండు బ్యాటరీలనీ కలిపే స్విచ్) కొనిపెట్టాను, ఇంకా బిగించలేదు, అది చాలా? అలాగే మా ఇంట్లో రైస్ కుక్కర్ లేకపోతే రోజు గడవదు, ఈ బ్యాటరీ మీద ఇన్వర్టర్ పెట్టి కుక్కర్ నడపొచ్చా? క్యాంప్ సైట్‌లో కరెంటు తీసుకునే సందర్భానికి 230 వోల్టుల లైను కూడా వేయాలి. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, టెన్షన్‌గా ఉంది, పిల్లలు పడుకునే బండి.

బోల్టు_నట్టు

హీటర్‌ని వాపసు పంపకండి, దాని తప్పేం లేదనే నా నమ్మకం. ఈ హీటర్ల గొడవల్లో సగానికి సగం నిప్పుకి సంబంధించినవి కావు, కరెంటువి. షెఫీల్డ్‌లో మా గ్యారేజీకి వచ్చే వ్యాన్లలో "హీటర్ పోయింది" అని తెచ్చేవాళ్లకి ఎక్కువసార్లు వైరు మార్చి పంపేస్తుంటాను.

లోపల ఏం జరుగుతుందో చూడండి. ఆన్ చేయగానే గ్లో ప్లగ్ ఎర్రగా కాలాలి, డీజిల్ దాని దగ్గరే ఆవిరై అంటుకోవాలి. ఆ రెండు మూడు నిమిషాలూ హీటర్ 8 నుంచి 10 ఆంప్‌లు లాగుతుంది. ఒకసారి మంట నిలబడ్డాక గ్లో ప్లగ్ ఆగిపోతుంది, ఇక ఫ్యాను, పంపు మాత్రమే, ఒకటి రెండు ఆంప్‌లతో రాత్రంతా నడుస్తుంది. అంటే వైరుకి అసలు పరీక్ష మొదటి మూడు నిమిషాల్లోనే. అప్పుడు వోల్టేజ్ పది, పదిన్నర దగ్గరికి పడితే కంట్రోల్ బోర్డు తనని తాను కాపాడుకోవడానికి ఆపేస్తుంది. వెబాస్టో, ఎబర్‌స్పాకర్ లాంటి ఖరీదైనవైనా చేసేది అదే.

ఇప్పుడు లెక్క. 2.5 ఎంఎం రాగి వైరు 6 మీటర్లకి 0.042 ఓములు, పది ఆంప్‌లు పోతే 0.42 వోల్టులు తినేస్తుంది. మైనస్‌కి కూడా అదే వైరు వేస్తే 0.84. మీ దగ్గర పోతున్నది 2.7 వోల్టులు. అంటే వైరు సన్నదే, కానీ అదొక్కటే కారణం కాదు, మధ్యలో ఏదో జాయింట్ గట్టిగా తినేస్తోంది. నా అనుమానం ఆ సీటు బోల్టు మీద. సీటు బేస్‌కి మందపాటి పౌడర్ కోటింగ్ ఉంటుంది, కింద నేలకి పెయింటు, సీలెంటు. చూడ్డానికి ఇనుముకి ఇనుము ఆనినట్టే ఉంటుంది కానీ కరెంటుకి దారి బోల్టు మర రెండు చుట్ల మేర మాత్రమే.

ఊహలు వద్దు, మీటర్‌తో తేల్చేయండి. మీటర్‌ని డీసీ వోల్టుల మీద పెట్టి, ఒక ప్రోబ్ బ్యాటరీ ప్లస్ మీద, ఇంకోటి హీటర్ ప్లగ్‌లో ప్లస్ పిన్ను వెనక ఆనించండి, దూరం కాబట్టి ఒక పొడవాటి వైరు ముక్క జోడించుకోండి. హీటర్ ఆన్ చేసి గ్లో నడుస్తుండగా వచ్చే అంకె ప్లస్ వైపు మొత్తం నష్టం. తర్వాత బ్యాటరీ మైనస్‌కీ హీటర్ మైనస్ పిన్నుకీ మధ్య అదే చేయండి. ఏ వైపు ఎక్కువుందో తెలిశాక స్విచ్ అటూ ఇటూ, ఫ్యూజు హోల్డర్ అటూ ఇటూ, బోల్టు అటూ ఇటూ ప్రోబులు పెట్టుకుంటూ పోతే దొంగ దొరుకుతాడు. హీటర్ ఆఫ్‌లో ఉన్నప్పుడు ఈ కొలతలు దేనికీ పనికిరావు, కరెంటు పారుతుంటేనే నష్టం కనిపిస్తుంది. బ్యాటరీ దగ్గర 13.1 చూసి "అంతా బాగానే ఉంది" అనుకునేది అందుకే.

ఇంకోటి, ఇది చాలా ముఖ్యం. హీటర్‌ని మెయిన్ స్విచ్ వెనక పెట్టకండి. మీరు కంట్రోలర్‌లో ఆఫ్ నొక్కినా అది వెంటనే ఆగదు, పంపు ఆగాక కూడా ఫ్యాన్ కొన్ని నిమిషాలు తిరిగి లోపలి వేడిని బయటికి తోస్తుంది. ఆ టైమ్‌లో ఎవరైనా, పిల్లలే అనుకోండి, మెయిన్ స్విచ్ తిప్పేస్తే బాగా కాలిన అల్యూమినియం లోపలే ఉడుకుతుంది, పక్కనున్న ప్లాస్టిక్, సెన్సర్లు, ఫ్యాన్ రెక్కలు కరిగిపోతాయి. బ్యాటరీ నుంచి సొంత ఫ్యూజుతో నేరుగా హీటర్‌కే ఒక లైను వేయండి. ప్లస్, మైనస్ రెండూ 6 ఎంఎం. ఫ్యూజు మీ హీటర్ బుక్కులో ఎంత చెబితే అంత, వీటికి సాధారణంగా 15 లేదా 20 ఆంప్‌లు.

ఓరుగల్లు_పిల్ల

పైన చెప్పినదంతా నిజం. నేను లీడ్స్‌లో ఎలక్ట్రీషియన్‌ని, ఇళ్లతో పాటు క్యాంపర్లూ చేస్తాను, మిగతా వైరింగ్ సంగతి నేను చెబుతాను.

ముందు ఫ్యూజు ఎక్కడుందో చూసుకోండి. మీరు "మధ్యలో" అన్నారు, ఆ మాట నాకు నచ్చలేదు. ఫ్యూజు ఉన్నది హీటర్‌ని కాపాడటానికి కాదు, వైరు మంటలంటుకోకుండా కాపాడటానికి. బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య ఉన్న వైరుకి ఏ రక్షణా లేదు, అది ఎక్కడైనా రేకు అంచుకి రాసుకుని తెగితే లిథియం బ్యాటరీ వందల ఆంప్‌లు దంచేస్తుంది. కాబట్టి ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కి ఎంత దగ్గరుంటే అంత మంచిది, ఒక జానెడు దూరం లోపల. రేకులోంచి వైరు దూరిన ప్రతి చోటా రబ్బరు గ్రోమెట్ ఉండాలి. వ్యాన్ రోజంతా వణుకుతుంది, ఇంట్లో గోడలో వైరు కదలదు, ఇక్కడ ప్రతి మైలుకీ కదులుతుంది. లగ్‌లు క్రింప్ చేసేటప్పుడు కటింగ్ ప్లేయర్‌తో నొక్కేయకండి, సరైన క్రింపింగ్ టూల్ అద్దెకి తెచ్చుకున్నా సరే. నొక్కాక గట్టిగా లాగి చూడండి, ఊడితే ఊడింది, ఇప్పుడే ఊడటం నయం.

స్ప్లిట్ చార్జ్ రిలే వాపసు ఇచ్చేయండి. మీది యూరో 6, స్మార్ట్ ఆల్టర్నేటర్, అంటే ఇంజినుతో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ తన వోల్టేజ్‌ని మార్చుకునే రకం. ఇంధనం ఆదా కోసం అది హైవే మీద ఒకోసారి 12.3, 12.5కి దిగిపోతుంది, బ్రేకు వేసినప్పుడు 15 దాకా ఎక్కుతుంది. రిలే అయితే ఆ కింది వోల్టేజ్‌కి వదిలేస్తుంది, ఆరు గంటలు నడిపినా బ్యాటరీ నిండదు. పైగా లిథియం బ్యాటరీ ఖాళీగా ఉంటే ఆల్టర్నేటర్ ఇచ్చినంతా లాగేస్తుంది, దాన్ని అదుపు చేసేది ఏదీ ఉండదు, ఆల్టర్నేటర్ వేడెక్కుతుంది. మీకు కావాల్సింది డీసీ టు డీసీ చార్జర్, ఆల్టర్నేటర్ వోల్టేజ్ మారినా బ్యాటరీకి సరైన వోల్టేజ్ ఇచ్చేది, 30 ఆంప్‌లది చాలు. విక్ట్రాన్, రెనోజీ, స్టెర్లింగ్ ఏదైనా ఫరవాలేదు, లిథియం సెట్టింగ్ ఉండాలి అంతే. దానికి 16 ఎంఎం కేబుల్, రెండు చివర్లా 60 ఆంప్‌ల ఫ్యూజు, ఎందుకంటే ప్రమాదం రెండు బ్యాటరీల నుంచీ రావచ్చు.

ట్రాన్సిట్‌లో స్టార్టర్ బ్యాటరీ డ్రైవర్ సీటు కిందే ఉంటుంది కాబట్టి కేబుల్ పొడవు తక్కువే. అక్కడ ఒక జాగ్రత్త, చార్జర్ మైనస్‌ని బ్యాటరీ పోస్టు మీద పెట్టకండి. ఆ పోస్టు మీద కరెంటు కొలిచే సెన్సర్ ఉంటుంది, దాన్ని తప్పించి పెడితే బండి కంప్యూటర్ లెక్క తప్పుతుంది, స్టార్ట్-స్టాప్ పిచ్చిగా ప్రవర్తిస్తుంది. బాడీ ఎర్త్ పాయింట్‌కి పెట్టండి. లీజర్ బ్యాటరీ నుంచి పోయే వైర్లకి మాత్రం నేనైతే ప్రతిదానికీ సొంత మైనస్ వైరు లాగి ఒక బస్ బార్‌కి (అన్ని వైర్లూ ఒకచోట బిగించే లోహపు పట్టీ) తెస్తాను, అక్కడి నుంచి ఒక్క లావు కేబుల్ బాడీకి. అప్పుడు సీటు బోల్టుల గొడవే ఉండదు.

లిథియం గురించి ఒకటి. సున్నా డిగ్రీల కింద దాన్ని చార్జ్ చేయకూడదు, చేస్తే సెల్స్ లోపల లిథియం లోహంగా పేరుకుపోయి శాశ్వతంగా దెబ్బతింటుంది. మంచి బ్యాటరీల్లో బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే లోపలి బోర్డు) దాన్ని అడ్డుకుంటుంది, మీదాంట్లో ఉందో లేదో బుక్కు చూడండి. వాడుకోవడానికి మాత్రం మైనస్ డిగ్రీల్లో కూడా ఇబ్బంది లేదు, అంటే పొద్దున్నే గడ్డకట్టే చలిలో హీటర్ ఆన్ అవుతుంది. చక్రం గూడు రేకు మంచులా ఉంటుంది, కింద మందంగా ఫోమ్ వేసి, బ్యాటరీ ఉన్న పెట్టెలోకి లోపలి గాలి ఆడేలా చిల్లులు పెట్టండి.

230 వోల్టుల లైను మాత్రం అంచనాల మీద వేయొద్దండి. బయట ప్రత్యేకమైన ఇన్‌లెట్, లోపల రెండు ధ్రువాలూ కట్ చేసే 30 మిల్లీఆంప్ ఆర్‌సీడీ (కరెంటు లీకైతే, షాక్ కొడితే ఆపేది), ఎంసీబీలు (లోడు ఎక్కువైతే ఆపే స్విచ్‌లు), బండి రేకుకి ఎర్త్ బాండింగ్, ఇవి తప్పనిసరి. ఇళ్లలో వాడే బూడిదరంగు బల్లపరుపు కేబుల్ వాడకండి, దాంట్లో తీగ గట్టిగా ఉంటుంది, వణుకుడుకి జాయింట్ దగ్గర విరుగుతుంది. సన్న పోగుల కేబుల్, కనీసం 1.5 ఎంఎం. ఇదంతా ఇక్కడి వైరింగ్ ప్రమాణం బీఎస్ 7671లో 721వ సెక్షన్‌లో ఉంది. మీరు కేబుళ్లు లాగి పెట్టుకోండి, కనెక్షన్లు, టెస్టింగ్ ఒక ఎలక్ట్రీషియన్‌తో చేయించి సర్టిఫికెట్ తీసుకోండి. ఇన్వర్టర్ సాకెట్‌ని, సైట్ కరెంటు సాకెట్‌ని ఎప్పుడూ ఒకే లైనుకి కలపకండి, వేర్వేరుగా ఉంచితే అదే సులువు.

రైస్ కుక్కర్ సంగతి: 500 వాట్ల చిన్నది అయితే ఒకసారి అన్నానికి అరగంట, ఇన్వర్టర్ నష్టంతో కలిపి 20, 25 ఆంపియర్ అవర్లు. మీ బ్యాటరీలో నాలుగో వంతు. రోజూ గంటన్నర, రెండు గంటలు బండి నడిపితే హాయిగా కుదురుతుంది. ఇండక్షన్ స్టవ్ మాత్రం ఈ బ్యాటరీ మీద పెట్టుకోకండి, 2000 వాట్లు అంటే 170 ఆంప్‌ల పైమాటే.

కాకినాడ_టు_కీన్స్

ఇద్దరికీ చాలా చాలా థ్యాంక్స్. అన్న చెప్పినట్టే ఈ సాయంత్రం కొలిచాను. ప్లస్ వైపు 0.9, మైనస్ వైపు 1.8! ప్రోబ్ ఒకటి సీటు బేస్ మీద, ఇంకోటి నేల రేకు మీద గీకి పెడితే ఆ 1.8లో దాదాపు అంతా అక్కడే ఉంది. బోల్టు తీసి చూస్తే వాషర్ కింద నల్లటి కోటింగ్ అలాగే ఉంది, ఒక అంచున మాత్రం గీసుకుపోయి కొంచెం మెరుస్తోంది, అంతమేరే కరెంటు పోతున్నట్టుంది. 6 ఎంఎం కేబుల్ ఎర్రది, నల్లది ఆర్డర్ పెట్టాను. రిలే వాపసు వెళ్లిపోతుంది.

అక్కా, ఫ్యూజు నిజంగానే హీటర్ పక్కన ఉంది, బ్యాటరీ దగ్గరికి మారుస్తాను.

ఇప్పుడు పొగ గొట్టం, డీజిల్ గురించి ఎవరైనా చెబుతారా? ప్రస్తుతం గొట్టం సీటు కింద నేలలోంచి దిగి, బండి మధ్యలోనే కిందికి తెరుచుకుని ఉంది. డీజిల్‌కి హీటర్‌తో వచ్చిన ప్లాస్టిక్ ట్యాంకు ఉంది, వెనక అరలో పెడదామనుకున్నా.

చలికాలం_ప్రయాణం

పొగ గొట్టం అలా వదలకండి, దయచేసి ఈ ఒక్కటి సరిచేశాకే హీటర్ మళ్లీ ముట్టించండి. బండి మధ్యలో వదిలిన పొగ నేల కిందే పేరుకుంటుంది, తలుపు సందుల్లోంచి, నేలకి వేసిన చిల్లుల్లోంచి లోపలికి వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, రంగు లేదు, నిద్రపోతున్న మనిషికి తెలిసే అవకాశమే లేదు. గొట్టాన్ని బండి అంచు దాకా తీసుకెళ్లి, పక్కకో వెనక్కో తిప్పి, అంచు దాటి బయటికి ఊదేలా క్లాంపులతో బిగించాలి. ముందుకి తిరిగి ఉండకూడదు, నడిచేటప్పుడు ఎదురుగాలి, నీళ్లు దూరతాయి. జారే తలుపు ఉన్న వైపు కాకుండా అవతలి వైపు తీయండి, పిల్లలు ఎక్కి దిగే చోట కాలే గొట్టం ఉండకూడదు, తలుపు తీసిన ప్రతిసారీ పొగా రాకూడదు. మంటకి గాలి పీల్చే చిన్న గొట్టం ఉంటుంది కదా, దాని మూతి పొగ గొట్టానికి దూరంగా ఉండాలి, తన పొగ తనే పీలిస్తే మంట నిలవదు, మసి పడుతుంది.

నేలకి హీటర్ ఆనే చోట గాస్కెట్ సరిగ్గా కూర్చుందో లేదో కింద పడుకుని టార్చ్ వేసి చూడండి. పొగ గొట్టం జాయింట్ ఒక్కటి కూడా క్యాబిన్ లోపల ఉండకూడదు, అన్నీ నేల కిందే. సైలెన్సర్‌కి చిన్న చిల్లు ఉంటుంది, అది లోపం కాదు, నీరు కారడానికి, ఆ చిల్లు కిందికి ఉండేలా తిప్పి బిగించండి, లేకపోతే నీరు నిలిచి గడ్డకట్టి గొట్టం మూసుకుంటుంది. బ్రేకు పైపులు, డీజిల్ లైన్లు, వైరింగ్ లూమ్ దగ్గరగా పోతుంటే చుట్టూ హీట్ రాప్ చుట్టి, ఎడం ఉంచండి.

కార్బన్ మోనాక్సైడ్ అలారం కొనేటప్పుడు పెట్టె మీద ఈఎన్ 50291-2 అని ఉందా చూడండి, చివరి 2 ముఖ్యం, అది బండ్లకి, పడవలకి వేరుగా ఉన్న ప్రమాణం. మీరైతే రెండు పెట్టండి, ఒకటి పిల్లల మంచం దగ్గర, ఒకటి ముందు.

డీజిల్ ట్యాంకు క్యాబిన్ లోపల వద్దు. ఒక్క చుక్క కారినా ఆ కంపు పరుపులకి పట్టుకుని నెలలు వదలదు. ట్రాన్సిట్ మెయిన్ ట్యాంకు పైన చాలా మోడళ్లలో హీటర్ కోసమే మూసి ఉంచిన ఒక పైపు మూతి ఉంటుంది, దానికి సరిపోయే కనెక్టర్ కొంటే చాలు, ట్యాంకుకి చిల్లు పెట్టే పని లేదు. ముందు అది ఉందో లేదో చూసుకోండి. దాంట్లో ఇంకో లాభం కూడా ఉంది, ఆ పైపు అడుగు దాకా పోదు కాబట్టి హీటర్ రాత్రంతా నడిచినా ఇంజినుకి కావాల్సిన డీజిల్ మిగులుతుంది. ఇక్కడి బంకుల్లో చలికాలం దొరికేది మైనస్ 15ని తట్టుకునేలా చేసిన డీజిల్. ఎండాకాలంలో పోసుకున్నది ఆ ప్లాస్టిక్ ట్యాంకులో మిగిలిపోయి ఉంటే మాత్రం మైనం కట్టి ఫిల్టర్ మూసుకుపోతుంది.

పంపుని నిలువుగానో అడ్డంగానో కాకుండా ఏటవాలుగా, డీజిల్ బయటికి పోయే కొస పైకి ఉండేలా, 15 నుంచి 35 డిగ్రీల మధ్య బిగించండి. గాలి బుడగలు వస్తే అవి పైకి పోయి వదిలిపోవాలి, లోపలే చిక్కుకుంటే మంట ఆగి ఆగి వస్తుంది. రబ్బరు బుష్ లేకుండా నేలకి బిగిస్తే రాత్రంతా టిక్ టిక్ తల కిందే వినిపిస్తుంది. హీటర్‌తో వచ్చిన మెత్తటి ఆకుపచ్చ పైపు పక్కన పడేసి, గట్టి నైలాన్ పైపు, లోపలి రంధ్రం 2 ఎంఎం లోపుది వాడండి. మెత్తటి పైపు పంపు కొట్టిన ప్రతిసారీ ఉబ్బుతుంది, కొట్టిన డీజిల్ అంతా ముందుకి పోదు. జాయింట్ వేసేటప్పుడు రెండు నైలాన్ ముక్కల కొసలు ఒకదానికొకటి ఆనేలా పెట్టి పైన రబ్బరు తొడుగు, క్లిప్పు. మధ్యలో ఖాళీ వదిలితే బుడగ అక్కడే తయారవుతుంది.

అవీమోర్ గురించి. డిసెంబరు ఆఖరులో అక్కడ పగలు ఆరున్నర గంటలే, మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 9, 10 డిగ్రీలకి మించి లేవడు, కాబట్టి సోలార్ ప్యానెల్ మీద ఆశ పెట్టుకోకండి. రాత్రి పదిగంటలు హీటర్ నడిస్తే 15 ఆంపియర్ అవర్లు, ఫ్రిజ్‌కి ఒక 25, అన్నానికి 25, లైట్లు, ఫోన్లకి పది అనుకున్నా రోజుకి 75. అంటే బండి కదలకుండా రెండో రాత్రి గడపలేరు. రోజూ కొంత తిరగండి లేదా కరెంటున్న సైట్ చూసుకోండి. మంచు పడే రాత్రి పడుకునే ముందు, మళ్లీ మధ్యలో మెలకువ వస్తే, పొగ గొట్టం మూతి మంచులో కూరుకుపోలేదు కదా అని చూసుకోండి.

హుక్అప్_బెటర్

ఇంత తంటా ఎందుకండి, కరెంటున్న సైట్‌లో ఆగి 2 కిలోవాట్ల ఫ్యాన్ హీటర్ పెట్టుకుంటే సరిపోదా? డీజిల్ వాసన లేదు, పొగ లేదు. మేం అలాగే చేస్తాం.

చలికాలం_ప్రయాణం

సైట్‌లో ఉన్నంతసేపు మీ మాట కరెక్టే. కానీ చాలా సైట్లలో ఇచ్చేది 10 ఆంప్‌లు, అంటే 2300 వాట్లు. ఫ్యాన్ హీటర్ నడుస్తుంటే రైస్ కుక్కర్ పెట్టినా ఆ హద్దు దాటినట్టే, 3 కిలోవాట్ల కెటిల్ అయితే హీటర్ లేకపోయినా ట్రిప్పే. పైగా డిసెంబరులో చాలా సైట్లు మూసేస్తారు. పైన కొండల్లో మంచుకి దారి మూసుకుపోయి బండి ఎక్కడో పక్కకి ఆపాల్సి వస్తే డీజిల్ హీటరే దిక్కు. చిన్నపిల్లలున్నవాళ్లకి రెండూ ఉండటం మంచిదని నేను గట్టిగా అంటాను.

ఓరుగల్లు_పిల్ల

ఫ్యాన్ హీటర్ వాడేవాళ్లు సైట్ కరెంటుని బండికి తెచ్చే ఆ నారింజ కేబుల్‌ని చుట్టలోంచి పూర్తిగా విప్పాకే వాడండి. 25 మీటర్ల కేబుల్ డ్రమ్ము మీదే ఉండి 2 కిలోవాట్లు రాత్రంతా పారితే లోపలి చుట్లు కరిగి ఒకదానికొకటి అతుక్కుపోతాయి, నేను చూశాను.

అలాగే ఇన్సూరెన్స్ వాళ్లకి బండి మార్చినట్టు చెప్పారా? చెప్పకపోతే హీటర్‌తో ఏ చిన్న నష్టం జరిగినా క్లెయిమ్ దగ్గర ఇబ్బంది. డీవీఎల్‌ఏ (ఇక్కడి బండ్ల రిజిస్ట్రేషన్ శాఖ) దగ్గర బాడీ టైప్ మోటార్ కారవాన్‌గా మారడం ఈ మధ్య కష్టంగా ఉంది, వాళ్లు బయటి రూపమే చూస్తారు, కిటికీలు, ఎత్తు కప్పు, ఆనింగ్ (పక్కకి తెరిచే గుడ్డ పందిరి), పక్కన గీతలు. మార్చకపోయినా నడపడానికి అభ్యంతరం లేదు. స్పీడు మాత్రం గుర్తుంచుకోండి, మామూలు వ్యాన్‌కి మధ్యలో డివైడర్ లేని రోడ్డు మీద గంటకి 50 మైళ్లే, 60 కాదు.

కాకినాడ_టు_కీన్స్

అప్‌డేట్ ఇస్తున్నాను. 6 ఎంఎం రెండు వైర్లూ బస్ బార్ నుంచి నేరుగా వేశాను, మెయిన్ స్విచ్‌కి సంబంధం లేకుండా. ఫ్యూజు బ్యాటరీ పక్కనే. గ్లో నడుస్తున్నప్పుడు హీటర్ దగ్గర 12.6 ఉంది, 10.4 ఎక్కడ, 12.6 ఎక్కడ! పొగ గొట్టం డ్రైవర్ వైపు అంచుకి తీశాను, పంపు ఏటవాలుగా పెట్టాను, ట్యాంకు పైన ఆ మూతి నిజంగానే ఉంది. అలారాలు రెండూ వచ్చాయి. ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేసి చెప్పాం, ఫొటోలు అడిగారు, పంపాం.

ముట్టించగానే గొట్టంలోంచి దట్టంగా తెల్ల పొగ వచ్చింది, మా ఆవిడ కంగారుపడి ఆపేయమంది. నేను ఆపలేదు, మూడు నాలుగు నిమిషాల్లో పూర్తిగా తగ్గింది, తర్వాత అసలు కనిపించలేదు. లోపల అలారాలు నిశ్శబ్దంగా ఉన్నాయి, సున్నానే చూపించాయి. ఇది మామూలేనా? అలాగే రాత్రంతా తక్కువ మీద పెట్టుకోవచ్చా?

బోల్టు_నట్టు

మామూలే. ఇదివరకు అంటుకోకుండా ఆగిపోయిన ప్రతిసారీ పంపు కొట్టిన ఆ నాలుగైదు చుక్కలు లోపల పేరుకుని ఉన్నాయి, ఇప్పుడు వేడి తగిలి ఆవిరై పోయాయి. అలా మళ్లీ మళ్లీ వస్తే, లేదా నల్లగా వస్తే చెప్పండి, అప్పుడు గాలి గొట్టం, పంపు చూడాలి. మధ్యలో ఆపకపోవడం మంచి పని, ఆపేసి ఉంటే ఇంకాస్త పేరుకునేది.

తక్కువ మీద రాత్రంతా నడవొచ్చు. కాకపోతే మీది వ్యాన్‌కి కాస్త పెద్ద హీటర్, తక్కువ మంట మీద డీజిల్ పూర్తిగా కాలక మసి పడుతుంది. పొద్దున ఆపే ముందు అరగంట ఫుల్ మీద పెట్టండి, ఆ మసి కాలిపోతుంది, పిల్లలు వెచ్చగా లేస్తారు. పైన రూఫ్ వెంట్ వేలెడు తెరిచి ఉంచండి. హీటర్ మంట గాలి బయటిదే కాబట్టి దానివల్ల లోపల తేమ పెరగదు, కానీ నలుగురి ఊపిరి, కుక్కర్ ఆవిరి అద్దాల మీదే కూర్చుంటాయి.

ఇక ఇంటి ముందే ఒక రెండు రాత్రులు నడిపి చూసి, చల్లారాక కిందికి దూరి పొగ గొట్టం క్లాంపులు, డీజిల్ క్లిప్పులు ఇంకోసారి బిగించండి. మొదటి వేడికి లోహం సాగి సర్దుకుంటుంది, క్లాంపు అరచుట్టు వదులవుతుంది. పైపు జాయింట్ల చుట్టూ తెల్ల టిష్యూ చుట్టి పొద్దున చూస్తే చుక్క తడి ఉన్నా తెలిసిపోతుంది.